మందల నడకకు తగిన ప్రయాణము

ధ్యానమునకు: ఆదికాండము 33:12–17



క్రిస్మసు సమీపించిన కొలది మన భీమ్‌గల్ చుట్టుపట్ల పల్లెలలో అద్దె బండ్ల మాటలు మొదలగును. మూడు నాలుగు ఇండ్లవారు కలిసి ఒక వ్యానును మాట్లాడుకొని, బియ్యము, పొయ్యి, గిన్నెలు, దుప్పట్లు వేసికొని మెదకు దేవాలయమునకు బయలుదేరుదురు. ఆర్మూరు, డిచ్‌పల్లి, కామారెడ్డి, రామాయంపేట దాటిపోవు ఆ దారి నూరు కిలోమీటర్లకు పైబడినది. కరవు దినములలో ఆకలిగొన్నవారికి పనియు అన్నమును కల్పించుచు పోస్నెట్ దొరగారు కట్టించిన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. అక్కడ చెట్టు నీడను దిగి, వండుకొని తిని, రాత్రి గడిపి వచ్చుట మన పల్లె కుటుంబములకు గొప్ప సంతోషము.

ఈ సంతోషములో ఒక చిన్న ప్రశ్న వచ్చును. ఇంటి కుక్కను ఏమి చేయవలెను? పిల్లలు తీసికొనిపోదమందురు. పెద్దలు వద్దందురు. తుదకు ఏదియు తేలకుండగనే బండి కదలును. ఇదియు ఒక వాక్యధ్యానమునకు తగిన సంగతియా అని నవ్వకుడి. మన పితరుడైన యాకోబు ఇట్టి ప్రశ్నకే దారిలో నిలిచి జవాబు చెప్పెను.

ఏశావు నాలుగు వందల మందితో ఎదురుగా వచ్చి, ఇద్దరము కలిసి పోదమని పిలిచెను. యాకోబు ఆ పిలుపును వినయముతో కాదనెను. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినను అవి చచ్చిపోవును, కాబట్టి వాటి నడక కొలదిని నేను మెల్లగా వచ్చెదనని అతడు చెప్పిన మాటల సారాంశము. చూచితిరా! ప్రయాణము యొక్క వేగమును నిర్ణయించినది బలవంతుడు కాదు, గుంపులో అందరికంటె బలహీనమైన ప్రాణి.

పూర్వము మన ప్రాంతమున ఈ పాఠమును ఎవరును ప్రత్యేకముగా నేర్పనక్కర లేకుండెను. 2015లో మూతపడిన బోధను చక్కెర ఫ్యాక్టరీకి ఒకప్పుడు చెరకు ఎడ్లబండ్ల మీద పోయెడిది. రైతు బండి కట్టినప్పుడు అతని కుక్క ఆ బండి క్రింది నీడనే నడిచెడిది. బండిని తానే మోయుచున్నానని ఆ కుక్క అనుకొనెనని మన పెద్దలు సామెత చెప్పి నవ్వుదురు. అయితే ఆ నవ్వులో ఒక నిజమున్నది. ఎడ్ల నడకయు కుక్క నడకయు ఒకటిగానే ఉండెను. ఎడ్లు నీళ్లు త్రాగిన చోట కుక్కయు త్రాగెను. గొల్ల కురుమలు మందను తోలుకొనిపోయి రాత్రి ఒక రైతు పొలమున ఆపినప్పుడు, కుక్కకు కావలి పనియు దానికి తగిన ముద్దయు ఉండెను.

మోటారు బండికి ఆ నడక లేదు. అది ఏశావు వేగముతో పోవును. కాబట్టి నెమ్మది మన మనస్సులో నుండి రావలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కుటుంబమువారు తమ కుక్కను వ్యానులో వెంటబెట్టుకొని పోయిరి. జాతీయ రహదారి ప్రక్క చాయకు ఆగిన చోట అది దిగెను. త్వరపడి అందరు ఎక్కిరి, బండి కదిలెను. కుక్క వెనుక పరుగెత్తుచుండుట ఒక చిన్నవాడు చూచి అరచినను, పాటల ధ్వనిలో ఎవరికిని వినబడలేదు. తెలిసి వెనుకకు తిరిగి వచ్చునప్పటికి అది కానరాలేదు. పండుగ ముగిసిన తరువాత ఆ చిన్నవాడు మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, మనం ఆగుతమని అది అనుకున్నది గదా?” అని అడిగెను. దానికి చెప్పదగిన మాట మాకు దొరకలేదు.

బైబిలులో కుక్కను గూర్చి కఠినమైన మాటలే ఎక్కువ గదా అని కొందరందురు. నిజమే. అవి ఎక్కువగా ఊరి వెంట తిరుగు దిక్కులేని కుక్కలను, దుష్టులైన మనుష్యులను గూర్చినవి. యోబు తన మందను కాయు కుక్కలను ప్రస్తావించెను. నీతిమంతుడు తన పశువు ప్రాణమును పట్టించుకొనునని సామెతల గ్రంథము బోధించుచున్నది. నీనెవె మీద కనికరపడినప్పుడు దేవుడు అక్కడి పశువులను కూడ లెక్కలో చేర్చెను.

కాబట్టి కుక్కను తీసికొనిపోవువారు కొన్ని సంగతులు ముందుగా చూచుకొనవలెను. మొదటిది, బండి యజమానుని అడుగుడి. అద్దె బండి మనది కాదు. అందులో పడిన వెండ్రుకలను, మలినమును మనమే కడిగి అప్పగించుట క్రైస్తవ మర్యాద. రెండవది, పిచ్చికుక్క రోగమునకు టీకా వేయించుడి. మొదటి టీకా అయినచో 21 దినములు గడువనిండు. లక్షణములు బయలుపడిన తరువాత ఆ రోగము కుదురునది కాదు. గుంపులో కుక్క ఎవరినైనను కరచినయెడల, గాయమును సబ్బుతో పారు నీటిలో 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. మూడవది, మెడపట్టెయు దానిమీద ఫోను నంబరును ఉండవలెను. ఆగిన ప్రతి చోట తాడు ఒకరి చేతిలో ఉండవలెను. ఆ ఒకరెవరో బయలుదేరకముందే నిర్ణయించుడి. అందరి పని ఎవరి పనియు కాదు.

నాలుగవది, మూసిన బండిలో దానిని విడువకుడి. బయట 27 డిగ్రీలే ఉన్నను, ఎండలో నిలిపిన బండిలో అరగంటకే వేడి 45 డిగ్రీలు దాటును. అద్దము కొంచెము దింపినను పెద్దగా ప్రయోజనము లేదు. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి చల్లదనము. అయిదవది, పండుగ విందులో ఉడికిన కోడి ఎముకలు వేయకుడి. అవి ముక్కలై గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును.

అమెరికాలో ఉన్న మన తెలుగు బిడ్డలు కొందరు పడకయు వంటయిల్లును గల మోటారు ఇంటిని అద్దెకు తీసికొని, కుక్కతో సహా సెలవులకు అడవులకు పోవుదురు. అక్కడి జాతీయ వనములలో కుక్క తాడు 6 అడుగులకు మించరాదు. అనేకమైన కాలిబాటలలో దానికి ప్రవేశమే లేదు. గనుక తెలిసినవారు కుక్క పోగల చోట్లనే ముందుగా ఏరుకొందురు. బండి గొప్పదైనను విధి ఒక్కటే.

ఇంతటి భారము మోయలేమని తోచినచో ఇంటనే ఉంచుట మేలు. అయితే గుంజకు కట్టి, ఒక గిన్నె నీళ్లు పెట్టి పోవుట ఉంచుట కాదు. పొరుగింటివారికి గింజలో రూకలో ఇచ్చి, పూటపూటకు చూడుమని ఒప్పగించి పోవలెను. ఆకలి దప్పులకు గురియగునట్లు పశువును విడుచుట 1960 నాటి మన దేశ చట్టము ప్రకారమును నేరమే. మరియు పొరుగువారు ఏ మతస్థులైనను, వారి చేతికి మన కుక్కను నమ్మి ఒప్పగించుట మంచి స్నేహమునకు మొదలగును.

ప్రియులారా, కుక్క నడకను లక్ష్యపెట్టువాడు ముసలితల్లి నడకను కూడ లక్ష్యపెట్టును. అదే బండిలో మోకాళ్ల నొప్పితో కూర్చున్న అవ్వ, ఆపుమని అడుగుటకు సిగ్గుపడు కోడలు, వాంతి వచ్చుచున్న పసివాడు ఉన్నారు. నోరులేని దానికొరకు ఆగిన బండి వీరికొరకును ఆగును.

యాకోబు తుదకు ఎక్కడ దిగెనో చూడుడి. అతడు తనకు ఒక ఇల్లు కట్టుకొని, తన పశువులకు పాకలు వేసెను. ఆ చోటికి నిలిచిన పేరు ఇంటిని బట్టి వచ్చినది కాదు, పాకలను బట్టి సుక్కోతు అని వచ్చెను. ఈ పండుగకు మీరు ఎక్కడ దిగినను, మీ అన్నము వడ్డించుకొనకముందు దాని నీళ్ల గిన్నె నిండియున్నదో లేదో చూచుడి.

మనలను మెల్లగా నడిపించు కాపరియైన ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.