ఆ సీటు ఎవరిది?

జమ్మలమడుగులో నర్సుగా చేసే మా పిన్నమ్మ కూతురికి ముప్పై ఎనిమిదేళ్లు. నీట్ రాస్తానంటోంది. గరిష్ఠ వయసు నిబంధనను 2022లో తీసేశారు, చట్టానికి అభ్యంతరం లేదు. అభ్యంతరం ఆమె మనసుకే. "నాకొచ్చే సీటు మన పిల్లోళ్ల నోటికాడి కూడు కాదా అన్నా?" అని ప్రొద్దుటూరు బస్టాండులో అడిగింది.

మన రాష్ట్రంలో ఎస్టీలకు నూటికి 6 సీట్లు. చదువు, హౌస్ సర్జన్సీ కలిపి ఐదున్నరేళ్లు. పద్దెనిమిదేళ్ల పిల్ల డాక్టరైతే నలభయ్యేళ్లు వైద్యం చేస్తుంది, ఈమె ఇరవయ్యేళ్లేమో. ఈ లెక్క నాకూ తట్టింది, తట్టినందుకు సిగ్గేసింది. ఒడిశాలో 64 ఏళ్ల రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి 2020లో ఎంబీబీఎస్‌లో చేరితే పత్రికలు మెచ్చుకున్నాయి. మనవాళ్ల దగ్గరికొచ్చేసరికే మిగిలిన ఏళ్లు లెక్కపెట్టాలా? రాత్రిళ్లు మేలుకుని ఈమె కాన్పులు చూసిన ఏళ్లను ఎందులో కలపాలి?

అట్లని పిల్లల బాధ అబద్ధం కాదు. సీట్లు తక్కువ. 2024లో పులివెందుల కళాశాలకు 50 సీట్లు మంజూరైతే రాష్ట్ర ప్రభుత్వమే వద్దని రాసింది. ఆ పోయినవాటి మాట ఎత్తకుండా, ఉన్న ఒక్క సీటు దగ్గర మనలో మనం తగువు పడుతున్నాం.

రాయమనే చెప్పాను. బోటనీ, జువాలజీ పుస్తకాలు కావాలంది. మా ఇంట్లో ఉన్నది ఒకటే సెట్టు. మా చిన్నోడూ ఈ ఏడు నీట్ రాస్తున్నాడు.