ముందు ముద్ద, తర్వాతే ధమ్మం



ఆళవిలో ఒక పేద రైతు, తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి ఆకలితో వచ్చాడు. బుద్ధ భగవానుడు అతని కోసమే ఆగాడు. ముందు అన్నం పెట్టించాడు, తర్వాతే ధమ్మం చెప్పాడు. భిక్షువులు గొణిగారు. ఆకలిగొన్నవాడి చెవికి మాట ఎక్కదని వాళ్లకు విడమరిచాడు.

మన కొత్తగూడెం బస్తీల అంగన్‌వాడీల్లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు అన్నం, పప్పు, గుడ్డు పెడతరు. పెడితే అయిపోదు. పిల్ల మెల్లగా తింటది, సగం కింద పోస్తది. "గబగబా మింగు" అని కసిరితే ఆ ముద్ద భయంతో దిగుతది. ఫస్ట్ షిఫ్టు దిగొచ్చిన తండ్రి పక్కన కూర్చొని ఫోన్ చూసినా అంతే!

బాబాసాహెబ్‌ను బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. బంట్రోతు పోస్తేనే నీళ్లు. అందుకే అన్నం వేళకు ఓసారి పోయి చూడండి. అందరూ ఒకే వరసలో ఉన్నారా? ఆయమ్మ చేతి వంట ఎవరన్నా వద్దంటున్నారా? మీరూ ఆ వరసలోనే కూర్చోండి.