తలచుకొని చేయు సేవ

గోదావరి మండలమునకు యంత్రము క్రొత్త కాదు. ధవళేశ్వరమువద్ద ఆర్థరు కాటను దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852 నాటికి ముగించిన తరువాతనే ఈ సీమ అన్నపూర్ణ అనిపించుకొన్నది. అంతకు మునుపు నదిలోని నీరు సముద్రము పాలగుచుండగా, ఆ నది ఒడ్డుననే కరవుతో అలమటించినవారు కలరు. కనుక డెల్టావాసి యంత్రమును నిందించుట తాను తిన్న అన్నమును నిందించుటతో సమానము. కాటను దొర విగ్రహమునకు నేటికిని పూలదండ వేయు రైతు ఈ సంగతి మరువలేదు.

ఆనకట్ట వెనుక మరికొన్ని వచ్చినవి. బియ్యపు మిల్లు వచ్చి రోకలిని మూలకు చేర్చినది. పంటులు తిరిగిన రేవులు కొన్నిటివద్ద వంతెనలు లేచినవి. కొడవళ్లు పట్టి వరుసగా సాగిన కోతకూలీల స్థానమున వరికోత యంత్రము చేలో దిగినది. ఇపుడు దేవాలయము వంతు. అన్నవరమున సత్యనారాయణ వ్రతమునకు గాని, బసకు గాని ఇంటనుండియే సెల్‌ఫోనులో ఏర్పాటు చేసికొనవచ్చును. రాష్ట్ర ప్రభుత్వము 2025 జనవరిలో ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలలో దేవాలయ సేవలును చేరినవి. దూరమునుండి వచ్చి టిక్కెట్టు దొరకక మెట్లమీద రాత్రి గడపిన యాత్రికునకు ఇది చిన్న మేలు కాదు.

అయితే పనులన్నియు ఇట్లు తమంత తాము జరిగిపోవుచున్నపుడు మనిషికి మనిషితో పనియేమి? ఇదే ప్రశ్న భక్తునకు మరియొక రూపమున ఎదురగును. సేవ జరుగుట ముఖ్యమా? సేవ చేయుట ముఖ్యమా?

ఈ ప్రశ్న వచ్చినపుడెల్ల పూర్వకాలపు ఆత్మీయతను తలచి నిట్టూర్చుట పరిపాటి. ఆ నిట్టూర్పును కొంత తగ్గించుకొనుట మంచిది. బురదలో దినమంతయు వంగి నాట్లు వేసిన స్త్రీ నడుము నొప్పిని ఏ పాటయు తీర్చలేదు. దంపుళ్ల పాటలను మెచ్చుకొనువారిలో తెల్లవారకమునుపే లేచి రోకలి పట్టినవారు మిక్కిలి తక్కువ. కామందునకును పాలేరునకును నడుమ ఉండినది కుటుంబబంధమని చెప్పువారు, ఆ పాలేరు వాకిటి బయటనే నిలిచి గంజి త్రాగిన సంగతి చెప్పరు. తండ్రి చేసిన అప్పునకు కుమారుడును అదే పశువుల కొట్టములో కొలువు చేయవలసి వచ్చినచో, అది బంధము కాదు, బంధనము. అట్టిది తెగుటకు యంత్రము ఏమాత్రము తోడ్పడినను ఆ మేరకు ధర్మకార్యమే చేసినది. భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు గోపురమెక్కి మంత్రార్థమును ఎల్లరకు చాటినది మనుష్యులను వాకిట నిలుపుటకు కాదు గదా!

అయినను ఒక నష్టము కలదు. యంత్రము తెచ్చిన నష్టమనుటకంటె, యంత్రము చాటున మనిషి తెచ్చుకొన్న నష్టమనుట న్యాయము. కోనసీమలో కొబ్బరితోటల నడుమనున్న పెంకుటిండ్లు పెక్కింటిలో నేడు వృద్ధదంపతులు మాత్రమే ఉందురు. లేదా ఆ ఇరువురిలో మిగిలిన ఒక్కరు ఉందురు. బిడ్డలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. వారు దుర్మార్గులు కారు. నెల మొదటి తేదీన తల్లి ఖాతాలో సొమ్ము పడునట్లు బ్యాంకులో ఏర్పాటు చేసియున్నారు. మందులు ఇంటికే వచ్చును. తల్లి జన్మనక్షత్రమునాడు ఆమె పేర అర్చన జరుగుటకు సొమ్ము ముందుగనే చెల్లించి యున్నారు. పూర్వము మనియార్డరు పంపవలసిన కుమారుడు తపాలా కచేరికి పోయి, వరుసలో నిలిచి, ఆ కాగితము అడుగున మిగిలిన కొద్దిపాటి చోటులో రెండు పంక్తులు వ్రాసెడివాడు. “అమ్మా, మోకాలి నొప్పి ఎట్లున్నది?” అని అడిగెడివాడు. సొమ్ము తెచ్చిన పోస్టుమాను అరుగుమీద కూర్చుండి ఆ పంక్తులు చదివి వినిపించి, మజ్జిగ త్రాగి పోయెడివాడు. ఇపుడు కుమారుడు మరచినను సొమ్ము వచ్చును. మరువకుండుటకై చేసిన ఏర్పాటే మరచుటకు వీలు కల్పించినది.

యంత్రమునకు పని తెలియును. ఎవరికొరకు చేయుచున్నదో తెలియదు. అది దాని దోషము కాదు. తెలిసియుండుట మనిషి పాలి పని. వైష్ణవ సంప్రదాయమున కైంకర్యమను మాటకు ప్రాణమిచ్చునది ఈ ఎరుకయే. భాగవతులకు పెట్టు అన్నమును భోజనమనక ‘తదీయారాధనము’ అనుటలో అర్థమిదియే. తినువాడు భగవంతునివాడు అను తలంపు లేనిచో అది వట్టి వడ్డన.

ఈ భేదమును ఈ సీమలోనే ఒక ఇల్లాలు జీవించి చూపినది. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి ఇంట కాపురమునకు వచ్చి, 1909లో పరమపదించునంతవరకు వేళ కాని వేళ వచ్చినవారికి సైతము అన్నము పెట్టిరి. పాయలు దాటి, లంకలు దాటి నడచి వచ్చు బాటసారికి ఆ ఇల్లు ఒక మజిలీ. ఆమె ఒకమారు అంతర్వేది లక్ష్మీనృసింహస్వామి దర్శనమునకు మేనాలో బయలుదేరిన వృత్తాంతమును ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. దారిలో మేనా దించి విశ్రమించినపుడు ఆవైపుగా పోవు పెండ్లివారి మాటలు ఆమె చెవిని పడినవట. పిల్లలు ఆకలికి ఏడ్చుచున్నారు. “కొంచెము ఓర్చుకొనుడు, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టుదురు” అని పెద్దలు ఓదార్చుచున్నారు. ఆమె మేనాను వెనుకకు మరలింపజేసి, వారికంటె ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించిరట.

ఇచట తార్కికుడు ఒక సందేహము లేవనెత్తవచ్చును. ఇంట బియ్యము కలదు, మనుష్యులు కలరు. ఆమె లేకున్నను ఆ పిల్లల ఆకలి తీరెడిది. అపుడు ఒకే దినమున అన్నదానమును, స్వామి దర్శనమును రెండును దక్కెడివి. లెక్క ప్రకారము ఆమె చేసినది నష్టపు బేరము. కాని ఆ పిల్లలకు పెద్దలు చెప్పినది అన్నమున్నదని కాదు, సీతమ్మగారు పెట్టుదురని. ఆ మాట ఒక మనిషిపై ఉంచిన నమ్మకము. దానిని నిలుపుటకు ఇంకొకరు చాలరు. సన్నిధికి పోవు దారిలో ఆ నమ్మకమును విన్నపిదప, విననట్లు ముందుకు సాగి నృసింహుని యెదుట చేతులు జోడించుట ఎట్లు? నేడు గన్నవరమువద్ద వైనతేయ పాయమీదుగా కాలువ నీటిని దాటించు అక్విడక్టునకు ఆమె పేరు పెట్టియున్నారు. ప్రభుత్వ పాఠశాలలలోని మధ్యాహ్న భోజనమునకును 2024లో ఆమె పేరే పెట్టినారు. మంచిదే. ఆ పేరు గల పథకమున వడ్డించు ఆయా, ఈ దినము రాని పిల్ల యేమైనదని అడిగినచో మరియు మంచిది.

స్వయముగా చేయవలెనను మాటను మరీ బిగించి పట్టుకొన్నను చిక్కు కలదు. తిరుమల మహాద్వారమువద్ద వ్రేలాడుచున్న గునపము కథ వైష్ణవ గృహములందు తెలియనివారుండరు. రామానుజుల ఆజ్ఞచే పుష్పకైంకర్యమునకు కొండకు చేరిన అనంతాళ్వాను చెరువు త్రవ్వుచుండగా, గర్భవతియైన ఆయన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తాను మోసెదననెను. ఈ సేవలో ఇతరులకు పాలు లేదని అనంతాళ్వాను పొమ్మనెను. బాలుడు చాటుగా ఆమె తట్టను అందుకొనెను. అది చూచి ఆయన విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలెను. గాయపడినది స్వామియే అని తరువాత తెలిసినది. శ్రీవారి చుబుకమున పచ్చకర్పూరము నేటికిని ఆ గుర్తే.

ఈ కథను అనంతాళ్వాను నిష్ఠకు నిదర్శనముగా చెప్పుదురు. నిష్ఠ గొప్పదే. కాని బరువు మోసినది ఆయన కాదు, ఆయన భార్య. ఆ బరువు దింపవలెనని తోచినది స్వామికి. శ్రమను తగ్గించుట భగవత్సమ్మతమనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల? మరియొక సంగతియు గమనింపదగినది. స్వామి తలచినచో ఆ చెరువు సంకల్పమాత్రమున నిండియుండెడిది. ఆయన అట్లు చేయలేదు. బాలుడై వచ్చి తట్ట ఎత్తుకొనెను. పోతనగారి భాగవతము చదివిన ఇంటివారికి ఇది వింత కాదు. గజేంద్రుని కొరకు చక్రమును మాత్రము పంపిన సరిపోవును. స్వామి స్వయముగా పరుగెత్తి వచ్చెను.

అదే కొండమీద 1985లో మొదలైన నిత్యాన్నదానము నేడు ఎట్లు సాగుచున్నదో చూడవలెను. 2011లో ప్రారంభమైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమున వేయేసి మంది కూర్చుండగల శాలలు నాలుగు కలవు. అంతటి వంట ఆవిరితోను, యంత్రముల సాయముతోను కావలసినదే. చేతి గరిటెతో అయ్యెడి పని కాదు. కాని ఆకు ముందుకు వచ్చి “స్వామీ, ఇంకొంచెము వడ్డించనా?” అని అడుగుట యంత్రమునకు వదలలేదు. 2000 సంవత్సరమున ఏర్పడిన శ్రీవారి సేవలో పేరు నమోదు చేసికొని ఊరూరినుండి వచ్చినవారు ఆ పని చేయుదురు. ఎక్కడ యంత్రమును నిలిపివేయవలెనో అచట ఎవరో ఆలోచించినారు.

అన్నిచోట్లను ఆలోచన ఇంత దూరము సాగలేదు. నేడు పెక్కు గ్రామాలయములందు హారతివేళ మీట నొక్కిన డోలును, గంటయు మోటారుతో వాటంతట అవే మ్రోగును. గంట త్రాడు కొరకు పోటీపడు పిల్లలు అచట లేరు. యంత్రము వచ్చి పిల్లలను వెడలగొట్టలేదు. పిల్లలు పట్టణములకు పోయిన పిదప, ఒంటరియైన అర్చకస్వామి ఒక చేత హారతి, ఒక చేత గంట పట్టలేక ఆ యంత్రమును తెప్పించుకొనెను. ఆయనను తప్పుపట్టువారు ముందు ఒక సాయంకాలము ఆ గుడికి పోయి నిలువవలెను.

అంతర్వేదిలో 2020 సెప్టెంబరున పాతరథము దగ్ధమైనది. క్రొత్త రథము సిద్ధమై 2021 ఫిబ్రవరి ఉత్సవమునకు అందినది. దానిని ట్రాక్టరుతో లాగించినచో శ్రమ తక్కువ. కాని భీష్మైకాదశినాడు మోకులు పట్టుటకు వచ్చువారిలో ఎవరును ఆ మాట తలపెట్టరు. ఆ దినమున పని రథమును చేర్చుట మాత్రమే కాదని వారికి తెలియును. రథము గుర్రాలక్క గుడివద్ద ఆగును. గుర్రాలక్క స్వామికి చెల్లెలు. చీరయు, సారెయు ఎవరిచేతనైనను పంపవచ్చును. స్వామి తానే పోవును.