‘క్షమాభిక్ష’ భావన – పత్రరహిత వలస: ఒక నైతిక పరిశీలన

తెలుగు పత్రికల్లో గల్ఫ్ వార్తలు చదివేవారికి ‘క్షమాభిక్ష’ సుపరిచితమైన మాట. కువైట్ 2018లో, 2020లో, 2024లో ప్రకటించినవీ, ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2018లో, 2024లో ప్రకటించినవీ ఈ పేరుతోనే తెలుగువారికి చేరాయి. ‘ఆమ్నెస్టీ’కి ఇది సమానార్థకంగా స్థిరపడింది. అయితే ఆమ్నెస్టీకి మూలమైన గ్రీకు పదానికి అర్థం మరపు; క్రీ.పూ. 403లో అంతర్యుద్ధం ముగిశాక ఏథెన్స్ పౌరులు గతాన్ని తవ్వబోమని ప్రమాణం చేసుకోవడం దానికి ప్రసిద్ధ ఉదాహరణ. మరపులో ఇరుపక్షాలూ సమానులు. క్షమాభిక్షలో దాత ఉంటాడు, యాచకుడు ఉంటాడు. అపరాధం జరిగిందన్న తీర్పు అప్పటికే వెలువడి ఉంటుంది. పత్రాలు లేని వలసదారులను ఉండనివ్వాలా, పంపివేయాలా అన్న వివాదంలో తేలవలసిన ప్రశ్న ఆ తీర్పు గురించినదే.

ఒకే మాట పరస్పర విరుద్ధమైన రెండు చర్యలను సూచించడం మరో చిక్కు. అమెరికాలో 1986 నవంబర్ 6న రీగన్ సంతకం చేసిన చట్టం 1982 జనవరి 1కి ముందునుంచి అక్కడ నివసిస్తున్నవారికి, కొందరు వ్యవసాయ కూలీలకు స్థిరనివాస మార్గం తెరిచింది. సుమారు 27 లక్షల మంది దానివల్ల చట్టబద్ధులయ్యారు. అక్కడ ఆమ్నెస్టీ అంటే ఉండిపోవడం. గల్ఫ్ ప్రకటనల్లో ప్రధానాంశం జరిమానా లేకుండా వెళ్లిపోనివ్వడం. హోదాను సరిచేసుకుని ఉండే వీలు కూడా కొన్నిసార్లు కల్పించినా, జగిత్యాల, కడప ప్రాంతాల కార్మికులకు ఆ మాట ముఖ్యంగా ఇంటికి తిరుగు ప్రయాణాన్నే స్ఫురింపజేస్తుంది. ఒకచోట బహిష్కరణకు ప్రత్యామ్నాయమైనది మరొకచోట బహిష్కరణకే మృదురూపం.

తెలంగాణ వలస కార్మికుల వాడుకలో ఇటువంటివాడు ‘ఖల్లివెల్లి’. పోతే పోనీ అనే అరబ్బీ పలుకుబడి మనిషికి పేరైంది. ఖల్లివెల్లి కావడానికి సరిహద్దు దాటి దొంగతనంగా రానక్కరలేదు. కఫాలా పద్ధతిలో నివాసానుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, ఆ ఇల్లు విడిచి బయటికి వచ్చినవాడు పరారీలో ఉన్నట్లు యజమాని ఫిర్యాదు చేస్తే చాలు, హోదా పోతుంది. పాస్‌పోర్టు తరచు యజమాని దగ్గరే ఉంటుంది. ‘ఆజాద్ వీసా’ పేరిట ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టినవాడికి, వీసాలో పేరున్న కఫీల్ దగ్గర కాక మరొకచోట పనిచేయడం చట్టవిరుద్ధమని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇక్కడ క్షమ ఎవరికి, ఎవరి తప్పుకు? జీతం ఎగ్గొట్టినవాడు క్షమను అడగనే అడగడు.

క్షమకు ఎవరు అర్హులన్న ప్రశ్న భారతీయ చింతనకు కొత్తది కాదు. మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుకు ప్రహ్లాద–బలి సంవాదాన్ని వినిపిస్తుంది. ఎల్లప్పుడూ క్షమ గాని, ఎల్లప్పుడూ తీక్ష్ణత గాని శ్రేయస్కరం కాదని ప్రహ్లాదుడి నిర్ణయం. తెలియక చేసిన తప్పును విచారించి క్షమించాలని, తెలిసి చేసి తెలియదని బొంకినవాణ్ణి స్వల్పాపరాధానికైనా శిక్షించాలని అతడు చెబుతాడు. ఇది కేవలం కరుణావాదం కాదు. ద్రౌపది దీన్ని క్షమకు వ్యతిరేకంగానే ఉదాహరించింది. అయినా అందులో మొదటి అర్హుడు పూర్వోపకారి: పూర్వం మేలు చేసినవాడి అపరాధం పెద్దదైనా, ఆ మేలును తలచి సహించాలి. ఒక నగరపు భవనాలను కట్టినవాడు, ఒక ఇంటి పిల్లలను పెంచినది ఈ నిర్వచనంలోకి రారా? అప్పుడు క్షమ దానం కాదు, రుణం తీర్చుకోవడం. ఆధునిక చర్చలో జోసెఫ్ కారెన్స్ కాలాన్ని ఆధారం చేసుకున్నాడు: ఏళ్లు గడిచేకొద్దీ వేర్లు దిగుతాయి, పెకలించే హక్కు క్షీణిస్తుంది. శ్రమను కాక సంబంధాలను లెక్కించే ఈ వాదం అమెరికాకు చక్కగా సరిపోతుంది. కుటుంబాన్ని తెచ్చుకోనివ్వని దేశంలో పదిహేనేళ్లు పనిచేసినవాడి విషయంలో తేలిపోతుంది. వేర్లు దిగనివ్వని నేలలో వేర్లను ప్రమాణంగా అడగడం అన్యాయం. పూర్వోపకార వాదమే అక్కడ నిలుస్తుంది.

ప్రతివాదాల్లో బలమైనది వరుసక్రమానిది. అమెరికాలో గ్రీన్‌కార్డుకు దేశానికి 7 శాతం పరిమితి వల్ల ఏళ్ల తరబడి వేచి ఉన్నవారిలో తెలుగువారు ఎందరో. చట్టాన్ని పాటించినవాడు వెనుకబడ్డాడన్న వారి బాధను అసూయగా కొట్టివేయరాదు. కాని 1986లో చట్టబద్ధులైనవారిని వార్షిక పరిమితుల్లో లెక్కించలేదు. ఎవరి స్థానమూ పోలేదు. నైపుణ్యం అక్కరలేని పనులవారికి ఉద్యోగాధారిత వరుస ఏటా 10 వేలకు మించదు; వారిని వరుసలో నిలబడమనడం లేని ద్వారం దగ్గర నిలబడమనడమే. క్షమ మరో ఉల్లంఘనను ఆహ్వానిస్తుందన్న ఆక్షేపణ ఇంకా బరువైనది. 1986 తరువాత రెండు దశాబ్దాలకు పత్రాలు లేనివారి సంఖ్య సుమారు కోటీ పది లక్షలకు చేరింది. అయితే ఆ చట్టమే యజమానులపై విధించిన శిక్షలు చాలావరకు కాగితానికే పరిమితమయ్యాయి. క్షమ విఫలమైందా, శిక్ష పడవలసినచోట పడకపోవడం విఫలమైందా అన్నది విడదీసి చూడవలసిన విషయం.

అనుమతి లేని లేఅవుట్లకు, ప్రభుత్వ స్థలాల్లో కట్టుకున్న ఇళ్లకు తెలంగాణ ప్రభుత్వం 2014లోనూ 2020లోనూ అవకాశం ఇచ్చినప్పుడు ఉత్తర్వులూ పత్రికలూ వాడిన మాట ‘క్రమబద్ధీకరణ’. ఉల్లంఘన అక్కడా ఉంది. స్థలం యజమానిని భిక్షార్థిగా ఎవరూ పేర్కొనలేదు.