బండి యెవరి కొఱకు?

పిల్లలు నడుపుటకై చేసిన నాలుగు చక్రముల చిన్న మోటారుబండి పాతది యొకటి దొరికినచో, దానిని బాగుచేసి బిడ్డకిచ్చు తండ్రి మొదట దేనిని చూడవలెను? ఇంజనునా, బ్రేకునా? ప్రశ్న స్వల్పమే గాని, మన ప్రేమ యెట్టిదో యిందు తేలిపోవును.

సుజుకీవారు 1984 మొదలు 1987 వఱకు చేసిన ఎల్.టి.50 ఇట్టి బండి. ఏండ్ల తరబడి మూలబడిన బండిలో పాత పెట్రోలు కార్బురేటరు రంధ్రములలో జిగురై గట్టిపడును, బ్రేకుతీగలు త్రుప్పుపట్టును. కార్బురేటరు కడిగినచో ఇంజను మ్రోగును, బిడ్డ చప్పట్లు కొట్టును. బ్రేకు బాగుచేసినవానికి చప్పట్లు లేవు. కావుననే యా పని రేపటికి నిలిచిపోవును. చప్పట్లకై చేయు మేలు వేడుకయే గాని వాత్సల్యము గాదు.

ఇట్టి బండ్లలో వేగమునకు హద్దు పెట్టు మరమేకు కలదు. బిడ్డ నేర్పు పెరిగినకొలది పెద్దలు దానిని సడలింతురు. ఎన్నడును సడలింపనివాడు బిడ్డకు భయమునే నేర్పును. తొలినాడే యూడదీసినవాడు తన బాధ్యతను బిడ్డ నెత్తిన పెట్టును. స్వేచ్ఛ నిచ్చు పద్ధతియు నిదియేయని, బడిలో బిడ్డలను చూచుచున్న మా యభిప్రాయము.

అయినను అమెరికా శిశువైద్యుల అకాడమీ 16 ఏండ్లు నిండనివారికి ఇట్టి బండ్లు తగవని చెప్పుచున్నది. శ్రమపడి బాగుచేసిన తండ్రికి ఈ మాట చేదుగా నుండును. బండి సిద్ధమైనను బిడ్డ సిద్ధము గానిచో తాళపుచెవి దాచవలసినదే. అంతమాత్రమున శ్రమ వ్యర్థము గాదు: ప్రక్కన గూర్చుండి బ్రేకు బిగించుట నేర్చిన బిడ్డ, ఆగుట యేలనో ముందే యెఱుగును.