రైలు పెట్టెమీద పేరు

టోనీ సిల్వర్, హెన్రీ చాల్‌ఫంట్ కలిసి 1983లో తయారుచేసిన "స్టైల్ వార్స్" అనే డాక్యుమెంటరీని ఈ మధ్యనే చూచాము. న్యూయార్క్ సబ్‌వే రైళ్ళమీద రాత్రిపూట స్ప్రే రంగులతో తమ పేర్లు వ్రాసుకున్న పిల్లల కథ అది. నేలమీద తలక్రిందులుగా గిరగిర తిరిగే బ్రేక్ డాన్సు కుర్రాళ్ళు, లయకు తగ్గట్టు మాటలు పేర్చి చెప్పేవాళ్ళు కూడా అందులో ఉన్నారు. తరువాత లోకమంతా హిప్-హాప్ అని పిలిచిన వ్యవహారానికి అది బాల్యం. మన పిల్లల చెవుల్లో ఇవాళ మ్రోగే పాటలకు అవి తాతముత్తాతలన్నమాట.

మన సంఘంలోని పెద్ద డాక్టర్ల దగ్గర ఈ సినిమా మాట ఎత్తితే మొహం చిట్లిస్తారు. డెబ్భైల్లో వచ్చి బ్రాంక్స్, బ్రూక్లిన్ ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీలు చేసినవారు ఆ రైళ్ళలోనే ఇళ్ళకు చేరారు. కిటికీ అద్దాలమీద రంగు, లోపలి గోడలమీద నల్ల గీతలు, చివరికి స్టేషన్ల మ్యాపుమీద కూడా వ్రాతలే. ఏ స్టేషను వచ్చిందో తెలియక తలుపు తెరుచుకున్నప్పుడల్లా తొంగిచూడాలి. వారి చిరాకును మేము తీసిపారేయము. ఈ వ్యాసం సగం వారి పక్షమే.

ఇది కళా, నేరమా అన్న తగవు సినిమా పొడుగునా నడుస్తుంది. మేయరు ఎడ్ కాచ్ ఒకటంటారు, పోలీసు డిటెక్టివ్ ఒకటంటారు, పిల్లలు మరొకటంటారు. ఆ తగవు మాకు కాలయాపనగానే తోచింది. రెండూ కావడానికి అడ్డేమిటి? షాపులో కాజేసిన డబ్బాతో వేసిన బొమ్మ అందంగా ఉండవచ్చు. అందంగా ఉన్నంతమాత్రాన కాజేయడం కాజేయడం కాకుండా పోదు. 1914లో ఆ న్యూయార్క్ రాష్ట్రంలోనే జడ్జి కార్డోజో ఒక తీర్పులో తేల్చినది మనలో వైద్యులందరూ చదువుకున్నదే: రోగి ఒప్పుకోలు లేకుండా కత్తి పెట్టిన సర్జను చేసినది దాడి క్రిందే లెక్క. చెయ్యి ఎంత తిరిగినదన్నది అక్కడ ప్రశ్న కాదు. కేస్ 2 అనే కుర్రవాడు ఒంటిచేత్తో అక్షరాలను విరిచి, మడిచి, బాణాలుగా మార్చిన తీరు చూస్తే నోరు తెరుచుకుని కూర్చోవలసిందే. ఐనా ఆ పెట్టె అతనిది కాదు.

అసలు ప్రశ్న మరొక కుర్రవాడితో వస్తుంది. అతని వ్రాతపేరు కాప్. రాత్రంతా యార్డులో దాక్కుని, ఆరువందల పైచిలుకు వోల్టుల మూడో పట్టాను తప్పించుకుంటూ, డబ్బాల మీద డబ్బాలు ఖర్చుచేసి ఎవరో ఒక పెట్టెనంతా నింపుతారు. మర్నాడు ఈ కాప్ వచ్చి దానిమీద రెండు నిమిషాల్లో లావుపాటి అక్షరాలతో తన పేరు గిలికిపోతాడు. ఎన్ని చోట్ల నా పేరుందన్నదే లెక్క, బాగుందా లేదా అన్నది నాకు పట్టదు అన్నది అతని వాదం. మిగతావాళ్ళు మండిపడతారు. ఆ కోపం నటన కాదు, కళ్ళలో కనబడుతుంది. కానీ పోలీసులకు చెప్పుకోలేరు. ఏమని చెబుతారు?

ఇక్కడ కొంచెం నిదానించి ఆలోచించాలి. ఆ పిల్లల కోపంలో ఒక న్యాయసూత్రం ఉంది. ఒకరు కష్టపడి చేసినదాన్ని, వారి ఒప్పుకోలు లేకుండా, నీ పేరుతో కప్పేయకూడదు. మంచి సూత్రమే. కాని ఆ సూత్రాన్ని ఒప్పుకున్నవాడు మ్యాపు కనబడక తికమకపడిన నైటు డ్యూటీ నర్సుకు ఏమని జవాబు చెబుతాడు? రైలు పెట్టె కూడా ఎవరో కష్టపడి చేసినదే, ఎవరెవరో పన్నులు కట్టి, టోకెన్లు కొని నడుపుకుంటున్నదే. కాప్‌ను తప్పుపట్టిన నోటితోనే తమనూ తప్పుపట్టుకోవాలి. లేదా కాప్‌ను కూడా వదిలేయాలి. మా దృష్టిలో ఆ సినిమాలో తర్కానికి కట్టుబడినవాడు, పాపం, ఆ కాప్ ఒక్కడే. అందరికీ నచ్చనివాడు కూడా అతనే.

అయితే తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఇతరుల ఒప్పుకోలు లేకుండా వారి బ్రతుకుమీద గీత గీయకూడదంటే, ఆ గీత ముందు గీసినదెవరు? రాబర్ట్ మోజెస్ గారు బ్రాంక్స్ నడిబొడ్డున క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్ వే వేయించినప్పుడు ఈస్ట్ ట్రెమాంట్‌లో ఒక్క మైలు రోడ్డు కోసం పదిహేనువందల పైచిలుకు కుటుంబాలను లేవగొట్టారు. ఆ తరువాత 1975లో నగరం దివాలా అంచుకు వచ్చింది. ఇళ్ళు తగలబడ్డాయి. 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే జమైకా కుర్రవాడు రికార్డులు తిప్పిన పార్టీ, హిప్-హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది, ఆ ఎక్స్‌ప్రెస్ వేకు దగ్గరలోని సెడ్జ్‌విక్ ఎవెన్యూ అపార్టుమెంటులోనే జరిగింది. నగరం ముందు ఆ పేటనంతా కొట్టివేసింది. పిల్లలు తరువాత రైళ్ళమీద వ్రాశారు.

ఈ వాదన బలమైనదే గాని, ఒకచోట కుంటుతుంది. మోజెస్ గారు ఆ రైలు ఎక్కినట్లయితే లెక్క సరిపోయేది. ఎక్కినది నర్సు, వంటమనిషి, ఆస్పత్రిలో నేల తుడిచే ముసలాయన. బాకీపడ్డవాడొకడు, వసూలైనది మరొకడి దగ్గర. తప్పును చూచి కారణం అర్థం చేసుకోవడం వేరు, బిల్లు ఎవరి పేర పంపాలో చూడటం వేరు.

ఇంతకీ వ్రాసినదేమిటి? నినాదం కాదు, బూతు కాదు, చాలావరకు పేరు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ వ్రాసిన టాకి 183 అనే కుర్రవాడు గ్రీకు కుటుంబంవాడు. డెమెట్రియస్ అన్న పేరును ఇంట్లో ముద్దుగా పిలుచుకునే తునక టాకి. 183 అతని వీధి నెంబరు. ఆలోచిస్తే ఇది మన పద్ధతే! మన ఇంటిపేర్లలో ఎన్ని ఊరిపేర్లు లేవు? పుట్టిన ఊరో తాత విడిచివచ్చిన ఊరో పేరుకు తగిలించుకుని తిరుగుతున్నాం. తేడా ఏమంటే, మనం ఈ దేశం వచ్చి ఆ ఇంటిపేరును పొడి అక్షరం చేశాం, వెంకటసుబ్రహ్మణ్యాన్ని వెంకట్ చేశాం, ఆస్పత్రి పేజింగులో పలకడానికి వీలుగా. ఆ కుర్రవాడు తన తునకను అయిదు బరోల గోడలమీదా పరిచాడు.

పేరు వ్రాసుకోవాలన్న దుగ్ధ మనకు లేదనకండి. మన దేవాలయంలో చందా ఇచ్చినవారి పేర్లు చలువరాతిమీద ఉన్నాయి. స్వదేశంలో గుళ్ళలో ఫ్యాను రెక్కలమీద కూడా దాత పేరు, తండ్రి పేరు, ఊరితో సహా ఉంటాయి. ఫ్యాను తిరిగితే చదవలేం, అది వేరే సంగతి. ఆస్పత్రి భవనాలకు దాతల పేర్లు పెడతారు. సొమ్ము ఇచ్చినవాడు పబ్లిక్ గోడమీద పేరు వ్రాసుకోవచ్చు; అక్కడ ఎవరూ నేరమా, కళా అని అడగరు. ముద్ర సమాజంమీద కాదు, సమాజంలో వేయండి అంటూ మేయరు కాచ్ పేరున్న క్రీడాకారులచేత, నటులచేత ప్రచారం చేయించారు. మంచి మాటే. ఆ ముద్ర వేయడానికి బడీ, ఉద్యోగమూ ఏపాటి ఉన్నాయో కూడా ఎవరైనా అడగవలసింది.

శిక్ష సంగతి కూడా చూడాలి. సినిమా తీసిన ఆ 1983 సెప్టెంబరులోనే మైకేల్ స్టూవర్ట్ అనే పాతికేళ్ళ నల్లజాతి యువకుణ్ణి ఫస్ట్ ఎవెన్యూ స్టేషను గోడమీద వ్రాశాడని ట్రాన్సిట్ పోలీసులు పట్టుకున్నారు. స్పృహ లేకుండా ఆస్పత్రికి వచ్చాడు. పదమూడు రోజుల తరువాత చనిపోయాడు. నగర మెడికల్ ఎగ్జామినరు మొదట గుండె ఆగిపోయిందన్నారు, తరువాత మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ అన్నారు. 1985లో పోలీసులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. కాగితంమీద మరణకారణం వ్రాసి క్రింద సంతకం పెట్టే వృత్తిలో ఉన్నవాళ్ళం, ఈ సంగతి దగ్గర మాకు చాలాసేపు మాట రాలేదు.

రైళ్ళను చివరికి శుభ్రం చేసినది లాఠీ కాదు, కంచెల వెనుక కాపలా కుక్కలూ కాదు. 1984లో వచ్చిన డేవిడ్ గన్ అనే అధికారి ఒక నియమం పెట్టారు: ఒకసారి శుభ్రం చేసిన పెట్టెమీద మళ్ళీ రంగు పడితే, అది కడిగేదాకా బయటికి రాకూడదు. ఎవరూ చూడని పేరు ఎందుకు వ్రాస్తారు? 1989 మేలో ఆఖరి రంగుల రైలును తప్పించారు.

ఒప్పుకోలు ఉన్నచోట కథ ఎలా మారుతుందో క్వీన్స్‌లోని ఫైవ్ పాయింట్జ్ భవనం చెబుతుంది. యజమాని ఏళ్ళ తరబడి వేసుకోనిచ్చిన బొమ్మలను 2013 నవంబరులో రాత్రికి రాత్రి తెల్ల రంగుతో కప్పించాడు. 2018లో ఫెడరల్ జడ్జి 21 మంది చిత్రకారులకు 67 లక్షల డాలర్లు ఇప్పించారు. 2020లో అప్పీలు కోర్టు సమర్థించింది. ఈసారి కాప్ పని చేసినది గోడ సొంతదారు.

సినిమాలో మమ్మల్ని వదలనిది మాత్రం స్కీమ్ అనే కుర్రవాడి తల్లి. కొడుకు ప్రక్కనే కూర్చుని, రాత్రిళ్ళు సొరంగాల్లో తిరిగి పేరు వ్రాస్తే ఏమొస్తుందిరా అని నిలదీస్తుంది. ఇది మాకోసం, వ్రాసేవాళ్ళకోసం, మిగతావాళ్ళు చూడకపోయినా ఫరవాలేదు అని అతని జవాబు. ఆమె ఒప్పుకోదు, నవ్వుతుంది, తిడుతుంది, కాని లేచిపోదు. మన ఇళ్ళలో ఈ సంభాషణ తలుపు వేసుకోవడంతో ముగుస్తుంది.

సినిమా నిడివి 70 నిమిషాలు. వచ్చే నెల సమావేశంలో భోజనాలకు ముందు చూపించమని కార్యవర్గాన్ని అడిగాము. హైస్కూలు పిల్లలను ఆ గంటసేపు బేస్‌మెంటుకు పంపకుండా మనతోనే కూర్చోబెట్టుకోవాలని మనవి.