“ప్రభువు నాతో చెప్పెను” అనుట

దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరింపకూడదను ఆజ్ఞను మనము బాల్యముననే కంఠస్థము చేసితిమి. అబద్ధప్రమాణము చేయువాడే దానిని మీరునని సాధారణముగా తలంతుము. అయితే ప్రార్థనాపరుడైన మనుష్యుడు, ఏ దురుద్దేశమును లేకుండగనే దానిని మీరగలడా? అమెరికా దేశపు ఆటగాడొకని జీవితము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

ఆయన పేరు రెజ్జీ వైట్. 1961లో టెన్నెసీ రాష్ట్రములోని చట్టనూగ పట్టణమున జన్మించెను. 17 ఏండ్ల ప్రాయముననే బాప్టిస్టు బోధకుడుగా నియమింపబడెను. 6 అడుగుల 5 అంగుళముల ఎత్తు, 300 పౌనుల బరువు గల బలాఢ్యుడు. ఆయన ఆడినది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. అమెరికను ఫుట్‌బాల్‌లో బంతిని చేతులతో విసరుదురు, చంకబెట్టుకొని పరుగెత్తుదురు. ఎదుటివారి వరుసను చీల్చుకొనిపోయి, బంతి విసరబోవువానిని ముందుగానే నేలగూల్చుట రెజ్జీ పని. దానిని శాక్ అందురు. ఆ దేశపు ప్రధాన పోటీలలో 15 సంవత్సరములాడి ఆయన 198 శాక్‌లు సాధించెను. ఆంగ్లములో మినిస్టర్ అనగా మంత్రి. సంఘపు బోధకుడును మినిస్టరే. గనుక జనులాయనను “రక్షణ మంత్రి” అని పిలిచిరి.

1993లో ఆటగాండ్రకు తమ జట్టును తామే ఎన్నుకొను స్వేచ్ఛ క్రొత్తగా కలిగెను. ఫిలడెల్ఫియా జట్టులో 8 సంవత్సరములాడిన రెజ్జీ కొరకు అనేక జట్లు పోటీపడెను. దేవుడు చూపిన చోటికే పోవుదునని ఆయన చెప్పెను. అది విని గ్రీన్ బే జట్టు శిక్షకుడు మైక్ హోమ్‌గ్రెన్ టెలిఫోను యంత్రములో పరిహాసమునకు ఒక సందేశము విడిచెను: తాను దేవుడననియు, గ్రీన్ బేకు రమ్మనియు! తుదకు రెజ్జీ 4 సంవత్సరములకు 1 కోటి 70 లక్షల డాలర్ల ఒప్పందముతో అక్కడికే వెళ్లెను. దేవుడే నడిపించెనని సాక్ష్యమిచ్చెను. 1997 జనవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ అను అంతిమ పోటీని గెలిచెను. ఆ ఒక్క ఆటలోనే రెజ్జీ 3 శాక్‌లు చేసెను.

ఇక అది దేవుని స్వరమేయని రుజువాయెను గదా అందురేమో. నిదానించుడి. మరుసటి యేడు, 1998 జనవరిలో, అదే పోటీలో అదే జట్టు ఓడిపోయెను. మొదటి యేడు పలికిన దేవుడు రెండవ యేడు తన మాట వెనుకకు తీసికొనెనా? ఓడిన పక్షమున ప్రార్థించువారు లేరా? జయము దేవుని చేవ్రాలు కాదు.

ఆట విడిచిన తరువాత రెజ్జీ పాత నిబంధనను మూలభాషలో చదువగోరి హెబ్రీ నేర్చుకొనసాగెను. ఆ దినములలో ఆయన బహిరంగముగా ఒక సంగతి ఒప్పుకొనెను. దేవుడు చెప్పెనని తాను పలికిన మాటలలో అనేకము దేవుడు చెప్పినవి కావనియు, అవి తన కోరికలేయనియు, ఇకమీదట లేఖనములో చదివినదానినే దేవుని మాటగా చెప్పుదుననియు పలికెను. సంఘములు తన్ను పిలిచినది ఆటగాడనియే గాని వేదపండితుడని కాదనియు చెప్పెను. 2004 డిసెంబరు 26న, 43 ఏండ్ల వయస్సులో ఆయన మరణించెను.

రెజ్జీ వంచకుడు కాడు. గ్రీన్ బేకు వెళ్లుటలో పాపమును లేదు. లోపమంతయు ఒక్క మాటలో నున్నది. “నాకిది ఇష్టము” అనిన యెడల స్నేహితుడు వాదింపవచ్చును, భార్య సలహా చెప్పవచ్చును. “ప్రభువు చెప్పెను” అనిన వెంటనే అందరి నోళ్లును మూతపడును. ఇట్టి మాటతోనే తండ్రి కుమార్తె వివాహమును నిశ్చయించును. ఇట్టి మాటతోనే పెద్ద సంఘపు సొమ్మును వ్యయపరచును. తరువాత ఆ కార్యము చెడినప్పుడు, నింద చెప్పినవానిమీద నిలువదు, దేవునిమీదికి పోవును. బలహీనుడైన విశ్వాసి తొట్రిల్లి సంఘమునే విడిచిపెట్టును. తమ హృదయములో పుట్టినదానిని దేవుని దర్శనమని చెప్పినవారిని యిర్మీయా 23వ అధ్యాయములో ప్రభువు ఎంత కఠినముగా గద్దించెనో చదువుడి.

అయితే దేవుడు నేడు మనలను నడిపింపడా? నిశ్చయముగా నడిపించును. ఆయన నడిపింపును నమ్ముట వేరు, మన కోరికమీద ఆయన ముద్ర వేయుట వేరు. అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 7వ అధ్యాయములో ప్రభువు ఆజ్ఞ ఏదో, తన అభిప్రాయమేదో వేరుచేసి చూపెను. అపొస్తలునికే ఆ జాగ్రత్త అవసరమైన యెడల, మనకెంత అవసరము!

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో మీరొక నిర్ణయము చేయవలసి వచ్చినప్పుడు ఇట్లనుడి: “నేను ప్రార్థించితిని, నాకిట్లు తోచుచున్నది, మీరును ప్రార్థించి, వాక్యముతో సరిచూచి చెప్పుడి.” ఈ మాట చెప్పువాడు పొరబడినను, దేవుని నామము నిష్కళంకముగా నుండును. బంతి విసరువారినెందరినో పడగొట్టిన ఆ బలాఢ్యుడు తుదకు పడగొట్టినది తన నోటి మాటను. అంతకంటె కష్టమైన పోరాటము మనకును లేదు.